మన పేరు మీద ఎవరో అప్పు చేస్తే...

గత ఏడాది జూన్‌లో బడి తెరిచిన రెండో వారం. ప్రార్థన అయ్యాక స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర ఒక తల్లి నిలబడి ఉంది. కృష్ణగిరి జిల్లాలో, హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటల్లో పూలు కోసే పని ఆమెది. ఆ వేళకి తోటలో ఉండాలి. కూలి పోగొట్టుకుని వచ్చిందంటే సంగతి చిన్నది కాదనుకున్నాను.

"ఈ కాయితం ఏమంటోందో కాస్త చదివి చెప్పండి మేడం" అంటూ సంచిలోంచి కవరు తీసింది. ఆమె తమిళం బాగా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఎనిమిదో తరగతి దాకా మా బడిలోనే తెలుగులో చదువుకుంది. ఇరవై ఏళ్ల కిందట నా ఐదో తరగతిలో రెండో బెంచీ మీద కూర్చున్న పిల్లే. ఇప్పుడు ఆమె కూతురు ఇదే బడిలో ఎనిమిది చదువుతోంది.

అది ఒక ఫైనాన్స్ కంపెనీ నోటీసు. వాయిదాల మీద కొన్న సెల్‌ఫోన్‌కు ఏడు నెలల బాకీ, జరిమానాతో కలిపి రూ.23,400 వెంటనే కట్టాలని ఉంది. "నేనెక్కడ కొన్నాను మేడం? నా చేతిలో ఉన్నది మా తమ్ముడు వాడి ఇచ్చిన ఫోను" అంది. అసలు బాధ తర్వాత చెప్పింది. ఇంటికప్పు వేయించుకోవడానికి సంఘంలో అప్పు అడిగితే, పాత బాకీ ఉందని ఆమె పేరు తీసేశారట. పది మంది ఆడవాళ్ల ముందు "కట్టని మనిషి" అనిపించుకుంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఇప్పటికే ఆ పేరు తిరగరాని చోట్లన్నీ తిరిగింది.

మన ఆధార్, పాన్, సంతకం, వేలిముద్ర వాడి మనమేనని నమ్మించడం నేరం. ఐటీ చట్టం 2000లోని 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ తప్పు చేసినవాడు ఎక్కడో ధైర్యంగా తిరుగుతుంటాడు, మోసపోయిన మనిషి తల దించుకుని వస్తుంది. ఆమెతో నేను మొదట చెప్పిన మాట, "నువ్వు తప్పు చేసినదానిలా మాట్లాడకు" అనే. ఆ తర్వాత ఐదు నెలలు ఆమెతో పాటు తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన తల్లిదండ్రుల్లో ఎవరికైనా రేపు ఇదే కాగితం రావచ్చు.

ముందు చేయకూడని పనులు

వసూలుకు ఫోన్ చేసిన వ్యక్తి ఆమెకు ఒక సలహా ఇచ్చాడు. "సగం కట్టెయ్యమ్మా, మూసేస్తాం" అన్నాడు. గొడవ వదిలిపోతుందని ఆమె దాదాపు ఒప్పుకుంది. ఆ పని చేయకూడదు. మనది కాని అప్పుకు ఒక్క వాయిదా కట్టినా మనదేనని ఒప్పుకున్నట్టు వాదిస్తారు. పైగా సగం కట్టి రాజీ చేసుకున్న అప్పు మన రుణచరిత్రలో రాజీ అప్పుగానే మిగులుతుంది. రేపు అప్పిచ్చేవాడు దాన్ని మచ్చగానే చూస్తాడు.

ఫోన్‌లో వాదించడం కూడా దండగ. ఫోన్ చేసిన వాళ్లకు చెప్పవలసింది ఒక్కటే: "ఈ అప్పు నాది కాదు, రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను." వాళ్లు పంపే లింకులు నొక్కవద్దు, ఓటీపీ చెప్పవద్దు. నోటీసును, అది వచ్చిన కవరును కూడా దాచండి. కవరు మీది తేదీ తర్వాత అవసరమవుతుంది.

ఎంత పోయిందో లెక్క

దొంగతనం జరిగిన ఇంట్లో ముందు ఏమేం పోయాయో చూసుకుంటాం. ఇక్కడా అంతే. చూడవలసినవి మూడు.

మొదటిది సిమ్‌లు. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మన నంబరు, ఓటీపీ ఇస్తే మన పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కనిపిస్తుంది. ఆమె పేరు మీద మూడు కనిపించాయి. ఒకటి ఆమెది, ఒకటి భర్తది. మూడోది ఎవరిదో. దాని పక్కన "నా నంబరు కాదు" అని అక్కడే ఫిర్యాదు చేశాం.

రెండోది రుణచరిత్ర. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు ఈ లెక్కలు ఉంచుతాయి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ చూడండి. ఒకదానిలో లేనిది మరోదానిలో ఉండవచ్చు. ఆమె విషయంలో నోటీసు వచ్చింది ఒక అప్పుకే. నివేదికలో రెండు ఉన్నాయి.

మూడోది ఆధార్ వాడకం. మైఆధార్ పోర్టల్‌లో గత ఆరు నెలల్లో మన ఆధార్‌ను ఎప్పుడెప్పుడు ధ్రువీకరణకు వాడారో చూడవచ్చు. కానీ అందుకు ఆధార్‌తో కలిపిన నంబరు మన దగ్గర ఉండాలి. ఆమె ఆధార్‌కు కలిపింది భర్త ఎప్పుడో వదిలేసిన నంబరు. వదిలేసిన నంబరును కంపెనీలు కొన్నాళ్లకు మరొకరికి ఇస్తాయి. అంటే ఆమె ఓటీపీలు ఎవరి జేబులో మోగుతున్నాయో తెలియని స్థితి. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించాం. సందేహాలకు 1947కు ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. మన ప్రాంతాల్లో అది చిన్న సౌకర్యం కాదు.

ఫిర్యాదు ఏ భాషలో?

ఫోన్ కొన్న దుకాణం వేరే రాష్ట్రంలో ఉంది. మొదట వెళ్లిన చోట "అక్కడికే వెళ్లి కంప్లయింట్ ఇవ్వండి" అన్నారు. తోటకూలీ రాష్ట్రం దాటి వెళ్లి ఫిర్యాదు ఇస్తుందా? అక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది ఇదే. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. యానాంలో ఉండి కాకినాడలో మోసపోయినా, బళ్లారిలో ఉండి అనంతపురంలో మోసపోయినా, సరిహద్దు మన తలనొప్పి కాకూడదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు నమోదు చేసే వీలూ ఉంది. తమిళనాడులో స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే సీఎస్‌ఆర్ రసీదు ఇస్తారు. కనీసం అది లేకుండా బయటికి రావద్దు. బ్యాంకులు, రుణ సంస్థలు మొదట అడిగేది ఆ నంబరే.

ఇక భాష. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా పౌరులు తమ బాధ విన్నవించుకోవచ్చు. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి చెప్పే 350ఎ మన ఉపాధ్యాయులందరికీ తెలుసు. దాని ముందున్న 350 అంతగా తెలియదు. ఆమె ఫిర్యాదును ఆమే తెలుగులో రాసింది. రెండు పేజీలు, తన మాటల్లో, తేదీలతో. దానికి నేను తమిళ అనువాదం జతచేశాను. హక్కు ఉందని అనువాదం మానేస్తే పని ఆలస్యమవుతుంది. అలాగని వాళ్ల భాష రాదని ఫిర్యాదే మానేస్తే అప్పు మనకే మిగులుతుంది.

సంతకం పట్టిచ్చింది

ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. "ఈ అప్పు నాది కాదు" అనడంతో ఆగలేదు. దరఖాస్తు నకలు, దానికి అంటించిన ఫొటో, ఇచ్చిన చిరునామా, ఫోన్ నంబరు, గుర్తింపు పత్రాల నకళ్లు పంపమని అడిగాం. అడగవలసింది ఇదే. "నేను కాదు" అని మనం ఎన్నిసార్లు అన్నా ఉట్టి మాట కింద పోతుంది. వాళ్ల కాగితమే మాట్లాడాలి.

మూడు వారాలకు నకళ్లు వచ్చాయి. చిరునామా ఆమెది, ఫొటో ఎవరిదో. ఫోన్ నంబరు సంచార్ సాథీలో కనిపించిన ఆ మూడోది. దరఖాస్తు కింద ఇంగ్లీషులో గొలుసుకట్టు సంతకం.

ఆమె నకలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "నాకు ఇంగ్లీషులో సంతకం రాదు కదా మేడం" అంది.

నిజమే. బ్యాంకు పాసుపుస్తకంలో, సంఘం మినిట్స్ పుస్తకంలో, కూతురి ప్రోగ్రెస్ కార్డుల్లో, అన్నిచోట్లా ఆమె సంతకం తెలుగే. ఐదో తరగతిలో ఒత్తులు దిద్దుకుంటూ నేర్చుకున్నదే. ఆ ప్రోగ్రెస్ కార్డు ఒకటి, బ్యాంకు నుంచి సంతకం ధ్రువీకరణ ఒకటి జతచేసి మళ్లీ రాశాం. అదే ఫైలుతో రుణచరిత్ర సంస్థలకు కూడా అభ్యంతరం పంపాం. అలాంటి ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆపైన రోజుకు రూ.100 చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బ్యాంకుగాని ఫైనాన్స్ కంపెనీగాని 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

మొదటి అప్పు నవంబరులో ఆమె పేరు మీది నుంచి తీసేశారు. రెండోది, ఒక యాప్‌లో తీసుకున్నది, ఇంకా అంబుడ్స్‌మన్ దగ్గర ఉంది.

పేరులో ఒక్క అక్షరం

ఈ తిరుగుడులో మరో చిక్కు బయటపడింది. ఇది మన వాళ్లకే ప్రత్యేకం. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. గంగమ్మ అని రాసినది తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి కంగమ్మ కావచ్చు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తారు, తమిళనాడులో తండ్రి పేరు పొడి అక్షరం రాస్తారు. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యలోకి వస్తుంది. ఒకే మనిషికి రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు, టీసీలో ఇంకో పేరు ఉంటాయి.

మామూలు రోజుల్లో దీనితో ఇబ్బంది లేదు. పేరు దొంగిలించిన రోజున మాత్రం "అసలు నువ్వే ఆమెవని రుజువేది?" అనే ప్రశ్న మనకే ఎదురవుతుంది. ఒక్కోసారి దొంగే ఉండడు, పేరు కలిసిన మరొకరి అప్పు పొరపాటున మన లెక్కలో చేరుతుంది. దాన్ని సరిచేయించే దారి కూడా రుణచరిత్ర సంస్థకు అభ్యంతరం పెట్టడమే. అందుకే పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చేటప్పుడే ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటి నిర్ణయించుకుని, జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడింట్లోనూ అదే ఉండేలా చూడండి. రిజిస్టరు రాసే మన ఉపాధ్యాయులం "ఏదో ఒకటి" అని రాసే అక్షరం ఆ బిడ్డ వెంట జీవితాంతం నడుస్తుంది.

డబ్బే పోతే గంటల లెక్క

అప్పు సంగతి నెలల మీద తేలుతుంది. ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం ఆ క్షణమే కదలాలి. వెంటనే 1930కి, ఆ వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు. అయితే ఓటీపీ మనమే చెబితే ఆ రక్షణ ఉండదు.

వేలిముద్ర సంగతి కూడా చెప్పాలి. 2018లో తెలంగాణలో ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ హైదరాబాద్ పోలీసులకు దొరికాడు. ఎంఆధార్ యాప్‌లో మన బయోమెట్రిక్స్‌కు తాళం వేసుకోవచ్చు. రేషన్ షాపుకు వెళ్లేటప్పుడు తాత్కాలికంగా తెరవాలి. లేకపోతే వేలు పెట్టినా బియ్యం రావు.

బడి వంతు

ఆమె పత్రాలు ఎక్కడ జారిపోయాయో తేలలేదు. జిరాక్స్ షాపు కావచ్చు, సంతలో గొడుగు కింద సిమ్‌లు అమ్మినవాడు కావచ్చు. అంతకు రెండేళ్ల ముందు స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడిందని, "తల్లిదండ్రుల ఆధార్, పాసుపుస్తకం ఫొటోలు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టండి" అని అడిగింది నేనే. యాభై మంది పెట్టారు. ఆమె కూడా పెట్టింది. మా గ్రూపు నుంచి కాదని నేను చెప్పలేను.

ఇప్పుడు మా బడిలో పద్ధతి మార్చాం. గ్రూపుల్లో పత్రాలు అడగం. పాత ఫొటోలు తీసేయించాం. పూర్తి ఆధార్ అక్కర్లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటాం. జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా "ఫలానా స్కాలర్‌షిప్ కోసం మాత్రమే" అని తేదీతో రాయించి సంతకం చేయిస్తాం. పని అయ్యాక మిగిలిన నకళ్లు తిరిగి ఇస్తాం, లేదా వాళ్ల ముందే చించేస్తాం. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాం.

ఆ సమావేశంలో ఆమె కూడా మాట్లాడింది. నేను అడగలేదు, తనే లేచింది. తన నోటీసు, తన ఫిర్యాదు, సంతకం సంగతి, అన్నీ చెప్పింది. చివర్లో హాజరు పుస్తకం తిరుగుతూ వెళ్తే, ఇన్నాళ్లూ వేలిముద్ర వేసే ఒక అవ్వ "నాకూ పేరు రాయడం నేర్పమ్మా" అని మనవరాలి చేతికి పెన్ను ఇచ్చింది. ఆ వరుసలో సంతకం కాస్త వంకరగా ఉంది. కానీ అది ఆమెదే.