పన్ను నొప్పి దానంతటదే తగ్గిందా? అప్పుడే జాగ్రత్త!

రామాయంపేటలో రాత్రి పదింటికి పన్ను సలపడం మొదలైతే ముందు గుర్తొచ్చేది వంటింట్లోని లవంగం. ఆ తర్వాత మందుల దుకాణం. పన్ను డాక్టరు వంతు అన్నిటికన్నా చివర్న. ఈలోగా నొప్పి తగ్గిందంటే డాక్టరు మాటే ఉండదు. కానీ పన్ను విషయంలో నొప్పి తగ్గడం ఒక్కోసారి నొప్పికన్నా చెడ్డ కబురు. ఎందుకో చూడండి.

పన్ను పైపొర ఎనామిల్‌కు నరాలు లేవు. పుచ్చు ఆ పొరలోనే ఉన్నంతకాలం మీకేమీ తెలియదు. దాని కిందున్న డెంటిన్‌కు చేరితే చల్లనీళ్లు, తీపి తగిలినప్పుడు జివ్వుమంటుంది. అలా జివ్వుమని కొన్ని సెకన్లలోనే పోతే సాధారణంగా పన్ను ఇంకా మీ చేతిలో ఉన్నట్టే. పుచ్చిన మేర తీసేసి సిమెంటు నింపితే సరిపోతుంది.

అదే వేడి టీ తాగాక నిమిషాల తరబడి లాగుతోందా? ఏమీ తగలకుండానే సలుపుతోందా? పడుకుంటే ఎక్కువవుతోందా? అయితే పుచ్చు లోపలి గుజ్జుదాకా వెళ్లినట్టే. చేతికి దెబ్బ తగిలితే చర్మం ఉబ్బుతుంది. పన్ను లోపలి గుజ్జుకు ఉబ్బే చోటేదీ? చుట్టూ గట్టి గోడలే. పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఎక్కువగా చేరి ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఈ దశలో రూట్ కెనాల్ చేయించుకోవాలి, లేదంటే పన్ను తీయించుకోవాలి.

ఇక్కడా పట్టించుకోకపోతే లోపలి నరం చచ్చిపోతుంది. సలుపు ఒక్కసారిగా మాయం! లవంగనూనె పనిచేసిందనుకుంటాం. లోపల మాత్రం చీము వేరు కొస దాటి ఎముకలోకి పాకుతుంటుంది. వారాలకో, నెలలకో నమిలితే నొప్పి, చిగురు మీద చీముపొక్కు, బుగ్గ వాపు బయటపడతాయి.

పురుగు సంగతేంటి?

పిప్పిపన్నులో పురుగు ఉంటుందని, వాకుడు కాయల పొగ పడితే రాలిపోతుందని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఐరోపాలోనూ ఒకప్పుడు ఇలాగే గింజల పొగ పట్టేవారు. వేడికి పగిలిన గింజల్లోంచి బయటపడే సన్నటి మొలకలే చూసేవాళ్లకు పురుగుల్లా కనిపించేవి. పన్నులో పురుగు తనకెక్కడా కనిపించలేదని ఫ్రాన్సు దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లోనే పుస్తకంలో రాశాడు. పన్నును తినేది పురుగు కాదు. మనం తిన్న తీపిని నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుంది.

పై పన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయం కూడా అలాంటిదే. చూపునిచ్చే నరం వేరు, పంటి నరం వేరు.

మాత్రలు ఎంతవరకు?

లవంగనూనెలోని యూజెనాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది. దూది మీద ఒక చుక్క వేసి పుచ్చులో పెట్టుకోవచ్చు. చిగుళ్లకు పూస్తే మంట పెట్టి పుండవుతుంది. ఆస్పిరిన్ బిళ్లను పన్ను పక్కన నొక్కి పెట్టినా అంతే, కండ కాలిపోతుంది. జర్దా కుక్కడం మాత్రం అసలు వద్దు.

పెద్దవాళ్లు ఆ రాత్రి గడవడానికి పారాసెటమాల్ వేసుకోవచ్చు, కాలేయ జబ్బు ఉంటే డాక్టరును అడిగాకే. కిడ్నీ జబ్బు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఇతర నొప్పి మాత్రలను సొంతంగా కొనుక్కోకూడదు. ఇక అడగ్గానే చేతిలో పడే యాంటీబయాటిక్ సంగతి. చచ్చిన గుజ్జులోకి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి మందూ సరిగా చేరదు. వాపు కాస్త తగ్గి మళ్లీ వస్తుంది. మూలం పంటిలో ఉంటే వైద్యమూ పంటికే జరగాలి.

అన్ని నొప్పులూ పుచ్చువి కావు. జలుబు చేసి, వంగితే పై దవడ పళ్లన్నీ బరువెక్కితే అది సైనస్ కావచ్చు. ఇరవై ఏళ్ల కుర్రాడికి నోరు తెరవడం కష్టమైతే జ్ఞానదంతం చూపించాలి. నడుస్తుంటే దవడ లాగి, ఛాతీ బరువు, చెమటలు కూడా ఉంటే పన్ను డాక్టరు కోసం వెతక్కండి. అది గుండె నొప్పి కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

తెల్లారేదాకా ఆగకూడనిది మరొకటుంది. దవడ కింద, నాలుక కింద వాపు వచ్చి మింగుడు పడకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ వాపు గొంతును మూసేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మరీ వేగంగా ముదురుతుంది. పన్ను నొప్పితో పాటు జ్వరం, బుగ్గ వాపు ఉంటే ఆ రోజే చూపించుకోవాలి. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పిని ఒకటి రెండు రోజులకు మించి సాగదీయొద్దు.

ఖర్చుకు జంకి ఆగిపోయేవాళ్లు చాలామంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రామాయంపేట నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా బస్సులో వెళ్లొచ్చు. షుగర్, బీపీ మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. పన్ను తీస్తారని ఖాళీ కడుపుతో వెళ్లకండి, తినే వెళ్లండి. తీశాక రెండు మూడు రోజులు బీడీ, సిగరెట్ ముట్టొద్దు. గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే వచ్చే నొప్పి మొదటి నొప్పినే మరిపిస్తుంది.