మొండెం చూడండి, రంగు కాదు

1828లో స్కాట్లండ్‌లోని నార్త్ బెరిక్ తీరంలో సర్ జాన్ గ్రాహమ్ డాల్యెల్ అనే ప్రకృతి పరిశోధకుడు ఓ సీ ఎనిమోన్‌ను రాళ్ల మీది నుంచి తీసి ఇంటికి తెచ్చుకున్నాడు. గాజు జాడీలో సముద్రపు నీళ్లు పోసి, ఎప్పటికప్పుడు నీళ్లు మారుస్తూ సాకాడు. 1851లో ఆయన పోయాడు. ఎనిమోన్ పోలేదు. చేతులు మారుతూ చివరికి ఎడిన్‌బరోలోని రాయల్ బొటానిక్ గార్డెన్‌కు చేరింది. అప్పటికి దానికి ‘గ్రానీ’ అనే పేరు స్థిరపడింది. 1887లో అది చనిపోయినప్పుడు పత్రికలో సంతాప వార్త వచ్చింది. విద్యుత్తు పంపు లేదు, ప్రత్యేకమైన దీపాలు లేవు, ఉన్నదల్లా ఒక జాడీ. అందులో 59 ఏళ్లు!

గ్రానీది చలి సముద్రాల్లో ఉండే బీడ్‌లెట్ జాతి. మన ఇళ్లలోని ఉప్పునీటి అక్వేరియంలకు వచ్చేవి వెచ్చని సముద్రాలవి, వాటి అవసరాలు ఇంకా ఎక్కువ. ఆ మాట నిజమే. కానీ ఇవాళ ఎల్‌ఈడీ లైట్లు, ప్రోటీన్ స్కిమ్మర్లు, నైట్రేట్ కొలిచే కిట్లు అన్నీ ఉన్న ట్యాంకుల్లో కూడా ఎనిమోన్లు నెలల్లోనే కరిగిపోతున్నాయి. కారణాలు అడిగితే నీరు బాగాలేదని, వెలుతురు చాల్లేదని చెబుతారు. వీటన్నిటికీ ముందు జరిగే తప్పు ఒకటుంది. తెస్తున్నది ఏ జాతో తెలుసుకోకుండానే తెచ్చేస్తున్నాం. డాల్యెల్‌కు తన ఎనిమోన్ ఏ రాతిమీద, ఎలాంటి నీటిలో బతికిందో తెలుసు. షాపులో ప్లాస్టిక్ సంచిలో చేతికొచ్చేదాని గురించి మనకు తెలిసేది ధర, రంగు. అంతే.

అసలది ఎనిమోనేనా?

ప్రపంచంలో వెయ్యికి పైగా సీ ఎనిమోన్ జాతులున్నాయి. పువ్వులా కనిపించినా అది జంతువు, పగడాలకూ జెల్లీఫిష్‌లకూ చుట్టం. స్పర్శకాల నిండా కుట్టే దంశకణాలు, మధ్యలో ఒకే ఒక్క నోరు. తినేదీ వ్యర్థాన్ని బయటికి పంపేదీ దానితోనే. మెత్తని ఒళ్లు, లోపల గట్టి భాగం ఏదీ ఉండదు. గుర్తుపట్టడం ఇక్కడి నుంచే మొదలవ్వాలి. స్పర్శకాలు ముడుచుకున్నప్పుడు అడుగున రాయిలాంటి అస్థిపంజరం బయటపడితే అది ఎనిమోన్ కాదు, పగడం. ఎలిగెన్స్ కోరల్, యూఫిలియా పూర్తిగా విప్పారినప్పుడు ఎనిమోన్ అనే భ్రమ కలుగుతుంది. మన దేశంలో ఈ తేడా తెలియకపోతే చిక్కు ట్యాంకుతో ఆగదు. దిబ్బలు కట్టే రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఎనిమోన్ అనుకుని కొన్నానంటే చట్టం వినదు.

ఇంకో పొరపాటు ట్యూబ్ ఎనిమోన్. పేరులో ఎనిమోన్ ఉన్నా ఇది వేరే వర్గం. తానే తయారుచేసుకున్న గొట్టంలో ఇసుకలో నిలబడి ఉంటుంది. స్పర్శకాలు రెండు వరసలు, బయట పొడుగువి, నోటి దగ్గర పొట్టివి. ఈ రెండు వరసలూ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. దీనికి వెలుతురుతో పనిలేదు, లోతైన ఇసుక కావాలి. క్లౌన్ ఫిష్‌కు ఆశ్రయమివ్వదు.

పిలవకుండా వచ్చేవి

కొనకుండానే ట్యాంకులో ఎనిమోన్ కనిపిస్తే మాత్రం సంబరపడకండి. లైవ్ రాక్ సందులోంచి లేత గోధుమరంగులో, ఆవలివైపు కనిపించేంత పలచగా, సన్నటి మొనల స్పర్శకాలతో తొంగిచూస్తూ, వేలు దగ్గరికి తేగానే రంధ్రంలోకి లాగేసుకుంటే అది ఐప్టేసియా. దీన్ని గీకితే, నలిపితే తప్పు చేసినట్టే. పాదం నుంచి తెగిన చిన్న ముక్క కూడా కొత్త ఎనిమోన్ అవుతుంది. ఒకటి పది కావడానికి ఎంతోకాలం పట్టదు. పెప్పర్‌మింట్ రొయ్యలు దీన్ని తింటాయి. అయితే వాటి బదులు ఒంటె రొయ్యల్ని అంటగట్టే ప్రమాదముంది, అవి పగడాల్ని పాడుచేస్తాయి. రొయ్య వీపుమీద మూపురంలాంటి ఎత్తు, ఒంటిమీద తెల్లటి గీతలు ఉంటే వదిలేయండి. బెర్గియా అనే చిన్న సముద్రపు స్లగ్‌కైతే ఐప్టేసియా తప్ప మరో ఆహారమే లేదు. అది అయిపోతే స్లగ్‌లూ చనిపోతాయి కాబట్టి ముందే వేరొకరికి ఇచ్చేయాలి.

ట్యాంకు యజమానులు అసహ్యించుకునే ఈ ఐప్టేసియానే ప్రయోగశాలల్లో మాత్రం అపురూపంగా పెంచుతారు. పగడాల లోపలా, దీని లోపలా జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలే కాపురం చేస్తాయి. సముద్రం వేడెక్కినప్పుడు ఆ కాపురం ఎందుకు చెడుతుందో, పగడాలు ఎందుకు తెల్లబడతాయో తెలుసుకోవడానికి తేలిగ్గా పెరిగే ఈ ప్రాణి ఎంతో సాయపడుతోంది.

మజానో ఎనిమోన్ ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. పొట్టిగా, మొనలు ఉబ్బి, పచ్చగా, ముద్దుగా ఉంటుంది. ఖరీదైన బబుల్ టిప్ ఎనిమోన్ పిల్ల ఉచితంగా వచ్చిందని మురిసిపోయి, అది రాళ్లన్నీ ఆక్రమించాక గానీ తెలుసుకోనివాళ్లు ఉన్నారు. బబుల్ టిప్ ఒక్కొక్కటే పెద్దదవుతుంది, మజానో చిన్నగానే ఉండి గుంపు కడుతుంది.

ఆ పదీ

క్లౌన్ ఫిష్‌లకు ఆశ్రయమిచ్చే ఎనిమోన్లు సంప్రదాయ లెక్కలో పదే పది. 1992లో డాఫ్నీ ఫాటిన్, జెరాల్డ్ అలెన్ కలిసి రాసిన క్షేత్ర దర్శిని వీటిని విడివిడిగా గుర్తుపట్టడం నేర్పింది. ఇప్పటికీ దానికి మించిన తొలి పాఠం లేదంటాను. అందులోని పద్ధతి ఒక్కమాటలో చెప్పాలంటే స్పర్శకాల రంగును నమ్మకండి. మొండెం మీద బుడిపెలున్నాయా? ఉంటే ఏ రంగువి? పాదం రాతికి పట్టుకుందా, ఇసుకలో దిగిందా? ఆ తర్వాతే స్పర్శకాలు. మనం చేసేది సరిగ్గా తలకిందులు. పైనుంచి ఒక ఫొటో తీసి, ఆకుపచ్చగా ఉంది, ఇదేమిటని అడుగుతాం.

అన్నిటికన్నా ఎక్కువగా తారుమారయ్యేవి కార్పెట్ ఎనిమోన్లు. హడ్డోనీ, జైగాంటియా, మెర్టెన్సీ మూడూ పరిచిన తివాచీలే. హడ్డోనీ స్పర్శకాలు చాలా పొట్టి, అన్నీ ఒకే ఎత్తు. మొండెం బుడిపెలు చిన్నవి, రంగు తేలదు. చెయ్యి తగిలితే పనసజిగురులా పట్టేసుకుంటుంది. బలవంతంగా లాగితే స్పర్శకాలు తెగి వేళ్లకే ఉండిపోతాయి. అందుకే చేతికి తొడుగు లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. జైగాంటియా స్పర్శకాలు కాస్త పొడుగు, నీరు నిలకడగా ఉన్నా వణుకుతూనే ఉంటాయి. అంచు లోతైన మడతలు పడి ఉంటుంది, మొండెం పైభాగాన నీలం నుంచి మెరూన్ దాకా బుడిపెలు కనిపిస్తాయి. మెర్టెన్సీకి నారింజ లేదా గులాబీ బుడిపెలు. మీటరు వెడల్పు దాటగల ఈ ప్రాణిని మామూలు ఇంటి ట్యాంకుకు అమ్మడమే అన్యాయం.

ఈ తేడాల మీదే ఎనిమోన్ బతుకు ఆధారపడి ఉంది. హడ్డోనీకి లోతైన ఇసుక కావాలి, పాదం ఆనడానికి ఇసుక అడుగున గట్టి ఆధారమూ కావాలి. రాతిమీద పెడితే చోటు నచ్చక రాత్రంతా నడుస్తుంది. నడిచి నడిచి పంపు నోట్లో పడి ముక్కలైతే మర్నాటికి ట్యాంకు నీరంతా చెడి, చేపలు కూడా పోతాయి. బబుల్ టిప్ అందుకు పూర్తిగా వ్యతిరేకం, రాతి సందులో పాదం దాచుకుని తల మాత్రం వెలుతురులోకి చాపుతుంది. దీని మొండెం నున్నగా ఉంటుంది. స్పర్శకాల చివర ఉబ్బు ఇవాళ ఉండి రేపు పోవచ్చు, కాబట్టి ఉబ్బు లేదని బబుల్ టిప్ కాదనుకోకూడదు. మాగ్నిఫికా అనే ఎనిమోన్‌కు మొండెమంతా ఒకే కొట్టొచ్చే రంగు. ఎత్తైన చోటుకు ఎక్కి కూర్చోవడం దాని అలవాటు. బలమైన ప్రవాహం, గట్టి వెలుతురు లేకపోతే నిలవదు, కొత్తవాళ్లకు పనికిరాదు.

ఇక క్రిస్పా. వ్యాపారంలో దీన్ని సెబే ఎనిమోన్ అంటారు. విచిత్రమేమిటంటే మన మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి వైపు కనిపించే సెబే క్లౌన్ ఫిష్ ప్రకృతిలో ఉండేది క్రిస్పాలో కాదు, హడ్డోనీలో. పేర్లు కలిశాయి కదా అని ఈ రెంటినీ జంటగా కొన్నవాళ్లు చేప ఎందుకు దగ్గరికి పోవట్లేదని వాపోతుంటారు. క్రిస్పా మొండెం తోలులా మందంగా ఉంటుంది, బుడిపెలు జిగటగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నది సాధారణంగా గోధుమ, బూడిద, మసక ఆకుపచ్చ ఛాయల్లో ఉంటుంది, మొనలు ఊదాగా ఉండొచ్చు. షాపులో తళతళలాడే తెల్లది చూసి ముచ్చటపడితే ఒక్క నిమిషం ఆగండి. ఆ తెలుపు ఆకలి రంగు. లోపలి శైవలాలు పోయాయి, తిండి పెట్టేవే లేవు. నిమ్మపండు రంగు పచ్చదైతే చాలాసార్లు అద్దకం వేసినది. ఒక ప్రాణికి రంగు పులిమి అమ్మడాన్ని వ్యాపారం అనలేం, అది క్రూరత్వం. మనం కొనడం మానేస్తేనే అది ఆగుతుంది.

మనుషులు ఇంత తికమకపడుతుంటే చేపలు పడవు. జపాన్‌లో ఒకినావా పరిశోధకులు బబుల్ టిప్‌ల జన్యువుల్ని పరిశీలిస్తే, మనం ఒకే జాతి అనుకున్నదానిలో వేర్వేరు వంశాలు తేలాయి. అక్కడి క్లౌన్ ఫిష్‌లు ఆ తేడాను ముందే పసిగట్టి, తమకు నచ్చిన వంశంలోనే కాపురం పెడుతున్నాయి.

గుర్తుపట్టే సరదాకు మరో ముఖం కూడా ఉంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియం తెరిచారు. మర్నాడే అన్నట్టు 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ రాశాడు, 1860లో బ్రిటన్ ఎనిమోన్ల మీద రంగుల బొమ్మలతో ‘యాక్టినోలోజియా బ్రిటానికా’ తెచ్చాడు. ఎంత శ్రద్ధగా గమనించి రాశాడో ఆ పుటలు చూస్తే తెలుస్తుంది. అయితే ఆ పుస్తకాలు చదివిన జనం బకెట్లు పట్టుకుని తీరాలకు వెళ్లారు. రాతి మడుగులు ఖాళీ అయ్యాయని ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో ‘ఫాదర్ అండ్ సన్’లో బాధపడ్డాడు. ఈ కథ అక్కడితో ఆగలేదు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ దగ్గర అక్వేరియం వ్యాపారం కోసం వేటాడిన చోట్ల ఎనిమోన్లు, వాటి చేపలు తగ్గాయని 2005లో వచ్చిన అధ్యయనం చూపింది. విశాఖ, భీమిలి వైపు పోటు తగ్గినప్పుడు రాతి మడుగుల్లో ఒంటికి ఇసుక, గవ్వ ముక్కలు అంటించుకుని ముద్దగా కూర్చున్న ఎనిమోన్లను చూడొచ్చు. నీరు ఎక్కగానే విప్పుకుంటాయి. వంగి చూడండి, పిల్లలకు చూపించండి, పక్కనుంచి ఫొటో తీసుకోండి. ఇంటికి మాత్రం తేవద్దు.

ఇంట్లో పెంచాలనే ఉంటే ముందు ట్యాంకుకు ఆర్నెల్లయినా నిండనివ్వండి, ఏడాదైతే ఇంకా మంచిది. నీటి వేడి 25-26 డిగ్రీలు, స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దగ్గర నిలకడగా ఉండాలి. పంపు నోటికి స్పాంజి తొడగండి. షాపులో ఎనిమోన్‌ను పక్కనుంచి చూపించమని పట్టుబట్టండి. పాదం చిరగకుండా ఉందా, నోరు మూసుకుని ఉందా, దేన్నయినా పట్టుకుని నిలబడిందా చూడండి. నోరు వెళ్లబెట్టి, పట్టు లేకుండా దొర్లుతున్నదాన్ని జాలిపడి కొన్నా దక్కదు, పైగా దాని స్థానంలో సముద్రం నుంచి ఇంకొకటి వస్తుంది. మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పేది బబుల్ టిప్ ఒక్కటే. అది ట్యాంకుల్లో నడిమికి చీలి రెండవుతుంది, కాబట్టి ఎవరింట్లోనో అలా పుట్టినదాన్నే వెతకండి. ఇచ్చేవాళ్లను తల్లి ఎన్నేళ్లుగా వాళ్ల దగ్గరుందో, ఏ లైటు కింద ఉందో, ఎలాంటి సందులో పాదం పెట్టుకుందో అడగండి. అలాంటి సందు ఉన్న రాయిని మీ ట్యాంకులో ముందే అమర్చి, ఆ తర్వాతే సంచి తీసుకుని వెళ్లండి.