చార్మినార్ ఓటు... విలువ 132!

చార్మినార్ నియోజకవర్గంలో ఓటరు ఓటు విలువ ఒకటి. చాంద్రాయణగుట్టలోనూ అంతే. లక్షాధికారి వేసినా, లాడ్‌బజార్‌లో గాజులకు రాళ్లు అద్దే కార్మికుడు వేసినా ఒకటే. కానీ ఆ ఓటర్లంతా కలిసి గెలిపించిన ఎమ్మెల్యే అయిదేళ్లకోసారి వేసే ఒక ఓటు మాత్రం ఒకటి కాదు... అక్షరాలా నూట ముప్ఫై రెండు!

అదే రాష్ట్రపతి ఎన్నిక ఓటు. మన ఇంటికి ఓటరు స్లిప్పు రాదు. వీధుల్లో మైకులు మోగవు. గోడల మీద పోస్టర్లు కనిపించవు. అయినా మన ఓటు అక్కడిదాకా వెళుతుంది. ఎలా వెళుతుందన్నది ఆసక్తికరమైన కథ.

నయాపూల్ దాటితే...

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి వెళితే పబ్లిక్‌గార్డెన్స్ వస్తుంది. ఆ పక్కనే తెల్లటి గుమ్మటాలతో కనిపించేది అసెంబ్లీ. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు జ్ఞాపకంగా టౌన్‌హాల్ పేరుతో 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేసిన భవనమిది. రాష్ట్రపతి ఎన్నిక వచ్చిందంటే ఈ ప్రాంగణంలోనే పోలింగ్ కేంద్రం వెలుస్తుంది. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా ఓటింగ్.

ఖాళీ బ్యాలెట్ పెట్టె ఢిల్లీలోని ఎన్నికల సంఘం నుంచి వస్తుంది. అదీ విమానంలో, ప్రయాణికుడి సీటులో కూర్చుని! 2022లో ఆ పెట్టెలకు 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్' పేరుతోనే టిక్కెట్లు తీశారు. పక్క సీట్లో అధికారి తోడు. పోలింగ్ ముగిశాక సీలు వేసి, అలాగే సీటులో కూర్చోబెట్టి ఢిల్లీ తీసుకెళతారు.

ఎమ్మెల్యేలకిచ్చే బ్యాలెట్ పత్రం గులాబీ రంగులో ఉంటుంది. ఎంపీలదైతే ఆకుపచ్చ. దాని మీద హస్తం, కమలం, గాలిపటం... ఏ గుర్తూ ఉండదు. అభ్యర్థుల పేర్లు మాత్రమే. వాటి ఎదురుగా 1, 2, 3 అంటూ ప్రాధాన్య క్రమం వేయాలి. అంకెలే వేయాలి, 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే ఓటు చెల్లదు. సొంత పెన్ను వాడినా చెల్లదు. ఎన్నికల సంఘం ఇచ్చే ఊదా రంగు సిరా పెన్నుతోనే రాయాలి. ఒకటో నెంబరు వేయకుండా మిగతా అంకెలు వేసినా ఆ పత్రం చెత్తబుట్టకే.

ఇక్కడ మరో విశేషముంది. రాజ్యసభ ఎన్నికల్లోనైతే ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించాలి. రాష్ట్రపతి ఎన్నికలో అలా చూపించకూడదు. విప్ జారీ చేయడానికీ వీల్లేదు. మామూలు ఓటరులాగే ఆ నాలుగు అట్టల మధ్య ఎమ్మెల్యే ఒక్కడే!

ఆ లెక్క ఇదీ

ఎమ్మెల్యే ఓటుకు 132 విలువ ఎక్కణ్నుంచి వచ్చింది? లెక్క తేలికే. 1971 జనగణన ప్రకారం ఇప్పటి తెలంగాణ ప్రాంత జనాభా 1,57,02,122. దాన్ని 119 మంది ఎమ్మెల్యేలతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే దాదాపు 132. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేదైతే 159. ఉమ్మడి రాష్ట్రంలో 148 ఉండేది. ఉత్తరప్రదేశ్‌ ఎమ్మెల్యే ఓటు 208 అయితే, సిక్కింది కేవలం 7.

హైదరాబాద్‌లో మజ్లిస్ గెలుస్తూ వస్తున్న ఏడు స్థానాలనే తీసుకుందాం... చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా, కార్వాన్, మలక్‌పేట, నాంపల్లి. ఉమ్మడి రాష్ట్రంలో ఈ ఏడు ఓట్ల విలువ 1,036. రాష్ట్రం విడిపోయాక 924. ఎమ్మెల్యేలు వాళ్లే, వీధులవే. విలువ మాత్రం 112 తగ్గింది!

దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువా కలిపి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. 2022లో అది 700. నామినేటెడ్ సభ్యులకు ఈ ఎన్నికలో ఓటు లేదు. ఎమ్మెల్సీలకూ లేదు.

2022 జులై 18న జరిగిన పోలింగ్‌లో తెలంగాణ నుంచి యశ్వంత్ సిన్హాకు 113, ద్రౌపదీ ముర్ముకు 3 ఓట్లు వచ్చాయి. ఒకటి చెల్లలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పోలైన 173 ఓట్లూ ముర్ముకే! దేశం మొత్తంమీద ఆమెకు వచ్చిన విలువ 6,76,803, సిన్హాకు 3,80,177. చట్టసభల్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు వేసిన ఓట్లలోనూ 53 చెల్లలేదంటే ఆశ్చర్యమే మరి.

బేగంబజార్ బిడ్డ... ఇద్దరు తెలుగువాళ్లు

రాష్ట్రపతి ఎన్నికంటే ముందే ఫలితం తెలిసిపోయే తంతు అనుకుంటారు చాలామంది. అన్నిసార్లూ కాదు. అలా కానిసారి కథ హైదరాబాద్‌లోనే మొదలైంది.

1897లో హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ 1967లో రాష్ట్రపతి అయ్యారు. బేగంబజార్‌లో ఆయన కుటుంబానికి ఇల్లుండేది. ఆయన మీద పోటీ చేసింది రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి మరీ బరిలో దిగారు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి.

రెండేళ్లకే, 1969 మే 3న, జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. మళ్లీ ఎన్నిక. ఈసారి ప్రధాన పోటీదారులిద్దరూ తెలుగువాళ్లే! కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి... ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. స్వతంత్ర అభ్యర్థి బరంపురంలో పుట్టిన వి.వి.గిరి. ప్రధాని ఇందిరాగాంధీ సొంత పార్టీ అభ్యర్థికి ఓటేయమనలేదు, అంతరాత్మ ప్రబోధం ప్రకారం వేయమన్నారు. విప్ లేని, రహస్యమైన ఓటు కాబట్టే ఆ మాటకు అంత బలమొచ్చింది.

తొలి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. దాంతో వెనకబడినవాళ్లను ఒక్కొక్కరినే తొలగిస్తూ, వాళ్ల బ్యాలెట్ పత్రాల మీద '2' ఎవరికి పడిందో చూశారు. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. నేటి తెలంగాణ ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువ కలిపితే 15,708... దానికన్నా తక్కువ! ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది. ఎన్నికను సవాలు చేస్తే గిరి రాష్ట్రపతి హోదాలోనే సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారు.

అక్కడ ఒకలా... ఇక్కడ ఒకలా

పాతబస్తీ నుంచి చికాగో వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలెన్నో. పౌరసత్వం వచ్చినవాళ్లు నవంబరులో అధ్యక్ష ఎన్నికలో ఓటేస్తారు. నిజానికి వాళ్లు ఎన్నుకునేది ఎలక్టర్లను. దేశం మొత్తానికి 538 మంది. 270 వస్తే గెలుపు. చికాగో ఉన్న ఇల్లినాయిస్‌కు 2024లో 19 మంది.

ఈ ఎలక్టర్లు డిసెంబరులో రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం ఎవరి రాష్ట్రంలో వాళ్లు సమావేశమై, అధ్యక్షుడికో ఓటు, ఉపాధ్యక్షుడికో ఓటు విడివిడిగా వేస్తారు. ధ్రువపత్రాల మీద సంతకాలు చేసి వాషింగ్టన్‌కు పంపుతారు. జనవరి 6న పార్లమెంటు ఉభయసభల ముందు వాటిని తెరిచి లెక్కిస్తారు.

మన ఎమ్మెల్యేకూ, అక్కడి ఎలక్టరుకూ పెద్ద తేడా ఒకటుంది. అక్కడి ఎలక్టరు పని ఆ ఒక్క ఓటుతో సరి. పైగా జనం తీర్పు ప్రకారమే వేయాలని రాష్ట్రాలు కట్టడి చేయవచ్చని 2020లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 2016లో మాట తప్పి వేరేవాళ్లకు వేసినవాళ్లు ఏడుగురు. మన దగ్గర అలాంటి కట్టడి లేదు. చార్మినార్ ఎమ్మెల్యే ఎవరికి వేశారన్నది చార్మినార్ ఓటరుకు ఎప్పటికీ తెలియదు. ఒత్తిళ్ల నుంచి ఎమ్మెల్యేను కాపాడేది ఆ రహస్యమే. ఓటరుకు జవాబు దొరకనీయనిదీ ఆ రహస్యమే!

1971 నాటి మనుషులు

అన్నిటికన్నా ఆలోచించాల్సింది ఆ 1971 అంకె. యాభై ఏళ్లలో నగరం ఎంత పెరిగిందో చెప్పక్కర్లేదు. అయినా రాష్ట్రపతి ఎన్నిక పుస్తకంలో తెలంగాణ జనాభా కోటీ యాభై ఏడు లక్షల దగ్గరే ఆగిపోయింది. ఇది మరపు కాదు, కావాలని చేసిన ఏర్పాటు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఆ అంకెల్ని అలాగే నిలిపేశారు. 2001లో 84వ సవరణ గడువును పొడిగించింది. 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వెలువడేదాకా 1971 అంకెలే ఆధారమన్నది దాని సారాంశం.

కొత్త లెక్కలు వచ్చిననాడు 132 పెరుగుతుందని సంబరపడటానికి లేదు. జనాభా ఎక్కువ పెరిగిన ఉత్తరాది రాష్ట్రాల అంకె అంతకన్నా వేగంగా పెరుగుతుంది. మొత్తంలో మన వాటా తగ్గుతుంది. జనాన్ని అదుపులో పెట్టుకున్నందుకు బహుమానమా, జరిమానా? దక్షిణాదిలో ఈ ప్రశ్న ఇప్పటికే గట్టిగా వినిపిస్తోంది. అందుకే ఇంటి తలుపు తట్టే జనగణన ఉద్యోగికి చెప్పే వివరం ఉత్త వివరం కాదు. రేషన్‌కే కాదు, రాష్ట్రపతి భవన్‌కూ దాంతో లెక్కుంది.