పదో తరగతి ఇళ్ళవారు చూడదగిన బడిపంతులు కథ

నరసరావుపేట: మన పేట ప్రాంతానికి చెందిన సినీనటుడు శివాజీ బడిపంతులుగా నటించిన హాస్య ధారావాహిక 'నైంటీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవచ్చు. ఆదిత్య హాసన్ దర్శకత్వంలో ఆరు భాగాలుగా తయారై, 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో విడుదలైంది. ఇది మామూలు డిష్షులో రాదు. సెల్‌ఫోనులో గాని, నెట్ ఉన్న టీవీలో గాని చూడాలి.

కథ 1990ల నాటిది. చంద్రశేఖర్ సర్కారు బడిలో లెక్కల మాస్టారు. తన పిల్లలను మాత్రం ప్రైవేటు బడికి పంపుతాడు. ఈ సంగతి మన రచ్చబండల దగ్గర ఎన్నిసార్లు చర్చకు రాలేదు! పెద్దవాడు రఘుది పదో తరగతి. చిన్నవాడు ఆదిత్యకు చదువు అంటదు; నవ్వులు ఎక్కువగా వాడి వల్లే. ఉప్మా గొడవ చూసి నవ్వని తల్లి ఉండదు. తల్లి రాణిగా 'తొలిప్రేమ'లో చెల్లెలి పాత్ర వేసిన వాసుకి నటించింది.

అసలు విషయం మార్కులు. మిర్చి, పత్తి అమ్మిన డబ్బు ఫీజులకు పోసిన తండ్రికి బిడ్డతో మాట్లాడాలంటే మార్కులు తప్ప వేరే మాట దొరకదు. బిడ్డ తండ్రి ఎదుట నోరు విప్పడు. ఈ మాస్టారిదీ అదే వరస. కొడుకు మీద ప్రేమ లేక కాదు, మెచ్చుకోలు మాట నోటికి రాక. శివాజీ ఈ బింకాన్ని అతి చేయకుండా చూపాడు.

బడిలో జరిగే ఘట్టాలు ఇంకొన్ని ఉంటే బాగుండేది. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఈలోగా ఒక ఆదివారం ఆ సెల్‌ఫోను పిల్లల దగ్గర లాక్కోకుండా, వారి పక్కనే కూర్చుని చూస్తే మంచిది.