మీకు తెలుసా? నల్లపట్టీల కోసం సంతకాలు!

టీవీలో సినిమా పైనా కిందా నల్లపట్టీలతో వస్తే చాలామందికి చిరాకు. అలాంటిది, ‘మాకు ఆ పట్టీలున్న కాపీలే కావాలి మహాప్రభో’ అంటూ అమెరికాలో సినిమా పిచ్చోళ్లు వీడియో షాపుల వెంటపడ్డారని తెలుసా?

1953లో ‘ది రోబ్’తో సినిమాస్కోప్ వచ్చి వెండితెర వెడల్పయింది. ఇంట్లో టీవీ మాత్రం 4:3 దగ్గరే ఉండిపోయింది. 2.35:1 కొలతలో తీసిన బొమ్మను మొత్తం చూపితే పైనా కిందా నల్లపట్టీలు మిగులుతాయి; టీవీ నిండా చూపాలంటే పక్కల నుంచి నూటికి 43 వంతులు కోసెయ్యాల్సిందే. ఏ ముక్క ఉంచాలో తేల్చేది చాలాసార్లు దర్శకుడు కాదు, వీడియో కాపీ తయారుచేసే టెక్నీషియన్. ఈ పద్ధతి పేరు పాన్ అండ్ స్కాన్. ‘బెన్‌హర్’ (1959) మరీ వెడల్పు, 2.76:1. నాలుగేసి గుర్రాల రథాలు పక్కపక్కనే దూసుకొచ్చే పందెంలో, ఇలా కోసిన కాపీలో సగం బొమ్మ కూడా మిగలదు. ఇక తెరకు ఆ చివరొకరు, ఈ చివరొకరు నిలబడి మాట్లాడుకునే సీన్లయితే ఒకరి మొహం, ఎదుటివారి ముక్కు!

అయినా బ్లాక్‌బస్టర్ లాంటి పెద్ద అద్దె షాపులు తెర నిండే ఫుల్‌స్క్రీన్ కాపీల వైపే మొగ్గాయి. ‘డబ్బులిచ్చి తీసుకెళ్తే తెర సగం నల్లగా ఉందేంటి?’ అని అడిగే కస్టమర్లే ఎక్కువ మరి. 2002లో మొదటి హ్యారీ పోటర్ డీవీడీ పట్టీలతో ఒకటి, ఫుల్‌స్క్రీన్‌లో ఒకటి, ఇలా రెండు రకాలుగా విడివిడిగా వచ్చింది. రెండూ కొనిపెట్టుకోవడం అద్దె షాపుకు దండగ. అందుకే అభిమానులు ఉత్తరాలు రాశారు, సంతకాలు సేకరించారు. పట్టీ బొమ్మను కప్పడం లేదు, కోత పడింది నిండుగా కనబడే కాపీకే అన్నది వాళ్ల వాదన. న్యాయమైనదే. (అన్నిటికీ కాదు లెండి. కొన్ని సినిమాలను పొడుగు ఫ్రేములోనే తీసి, హాల్లో పైనా కిందా మూసి చూపేవారు. వాటికి ఫుల్‌స్క్రీన్‌లో బొమ్మ కాస్త ఎక్కువే, ఒక్కోసారి పైన వేలాడే మైకుతో సహా!)

చివరికి గొడవ తీర్చింది షాపులు కాదు, వెడల్పు టీవీలు. ఇప్పుడు కథ తిరగబడింది. 1957 నాటి ‘మాయాబజార్’ పాత కొలతలో తీసిన సినిమా. రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు దాన్ని సినిమాస్కోప్‌కు మార్చారు. మన ఇళ్లలోనూ పాత సినిమాలను టీవీ నిండా సాగదీసి చూస్తున్నాం. ఈసారి రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి మార్చి చూడండి. ఎస్వీ రంగారావు ఉన్నంత లావే కనిపిస్తారు.