డాబా మీద గ్యాస్ బార్బెక్యూ: కొనే ముందు చూడాల్సినవి

రెండేళ్ల క్రితం విజయవాడ నుంచి హౌరాకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ బెంగపడింది మా అమ్మ. అక్కడ చలికాలం సాయంత్రాలు డాబా మీద కుంపటి రాజేసి, మొక్కజొన్న పొత్తులు, చిలగడదుంపలు, పచ్చడికి వంకాయలు కాల్చేది. పిల్లలు చుట్టూ చేరేవారు. ఇక్కడ శిబ్‌పూర్‌లో మూడో అంతస్తు అద్దె ఇల్లు, పైన డాబా ఉంది. కానీ అమ్మకు ఉబ్బసం ఎక్కువైంది. బొగ్గుల పొగ దగ్గరికే వెళ్లొద్దన్నారు డాక్టరు. "మీరు కాల్చుకోండిరా, నేను కిందే ఉంటాను" అనేది.

"నాన్నా, గ్యాస్ బార్బెక్యూ కొందాం. నానమ్మ కూడా పైకొస్తుంది" అంది మా అమ్మాయి. పాప ఫీజులు కట్టాక మిగిలిన లెక్క చూసి మా ఆవిడ రూ.8,000 దాటకూడదంది. ఆ డబ్బుతో ముందు తప్పు వస్తువు కొన్నాను. ఆ తర్వాత సరైనది దొరికింది. మన కుటుంబాల్లో ఎవరైనా కొనాలనుకుంటే ఆ తప్పు మళ్లీ జరగకూడదని ఇది రాస్తున్నాను.

మొదట కొన్నది

ఆన్‌లైన్‌లో తళతళలాడే స్టీలు, మూడు బర్నర్లు, తగ్గింపు ధర చూసి ఆర్డరిచ్చాను. విదేశీ తయారీ. మన సిలిండర్‌కు తగిలిస్తే మంట దీపం వత్తిలా వెలిగింది. కోడి కాలు గంటకు కూడా ఉడకలేదు. దగ్గర్లోని ఒక కొట్టతను, "హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి, భగ్గున మండుతుంది" అన్నాడు. రూ.350 ఇచ్చి కొనేశాను కూడా.

అదృష్టం కొద్దీ మర్నాడు వంటింటి స్టవ్ చూడటానికి మెకానిక్ వచ్చాడు. ఈ రెగ్యులేటర్ చూసి, "దాదా, ఇది రోడ్డు పక్క చౌమీన్ బండ్ల పెద్ద పొయ్యిలకు. మీ ట్యూబు, మీ బర్నరు దీన్ని తట్టుకోవు. పైన అమ్మాయి, పెద్దావిడ కూర్చుంటారు కదా" అన్నాడు. ఆ మాటతో నాకు చెమటలు పట్టాయి. అదే రోజు రెండూ తిప్పి పంపేశాను.

ఒత్తిడి లెక్క ముందు చూడండి

మన ఇళ్లలోని ఎల్‌పీజీ స్టవ్‌లు సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడికి తయారవుతాయి. ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ ఇచ్చేది కూడా దాదాపు అంతే. నేను కొన్నదాని వెనక రేకు మీద 50 మిల్లీబార్లు అని ఉంది. కొన్ని దేశాల్లో ఆ ఒత్తిడే వాడుక. బర్నర్‌కు గ్యాస్ వదిలే జెట్ రంధ్రాన్ని ఆ ఒత్తిడికి తగ్గట్టే పెడతారు. ఒత్తిడి తక్కువైతే మంట నీరసిస్తుంది. 30కి చేసినదానికి ఎక్కువ ఒత్తిడి ఇస్తే మంట బర్నర్ నుంచి లేచిపోతుంది, ట్యూబు జాయింట్ల దగ్గర లీకయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి రేకు మీద ఒత్తిడి అంకె చూడనిదే డబ్బు కట్టకండి. అంకె లేకపోతే ఆ వస్తువు వద్దు.

ఎన్ని బర్నర్లు?

నలుగురైదుగురికి రెండు చాలు. ఒకటి మాత్రం తక్కువ. ఎందుకంటే ఒక పక్క మంట పెంచి పైన రంగు రప్పించి, రెండో పక్క తగ్గించి లోపల ఉడికించాలి. కోడి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే నిశ్చింతగా తినవచ్చు. మంట మీదే ఉంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

జాలీ, మూత

డబ్బు పెట్టాల్సిన చోటు జాలీ. సన్నటి తీగల మీద పూత పూసినవి కొన్నాళ్లకు పెచ్చులూడతాయి. బరువైన పోత ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది. చల్లటి ముక్క పెట్టినా చప్పున చల్లబడదు. హౌరా పోత ఇనుముకు పేరున్న ఊరు. ఇక్కడి ఫౌండ్రీల్లో పోసిన మ్యాన్‌హోల్ మూతలు న్యూయార్క్ వీధుల దాకా వెళ్లాయి. నేను రెండోసారి కొన్న దేశీ రెండు బర్నర్ల గ్రిల్ రూ.6,200. దాని జాలీ పలచగా ఉంటే, కొలతలు తీసుకుని బెలీలియస్ రోడ్డు వైపు వర్క్‌షాపుల్లో అడిగి పోత ఇనుప జాలీ చేయించాను. రూ.900 అయింది. వాడాక వేడి మీదే బ్రష్‌తో గీకి, నూనె రాసి పెట్టాలి. లేకపోతే ఈ హుగ్లీ గాలి తేమకు వారంలో తుప్పు పడుతుంది.

మూత ఉన్నదే తీసుకోండి. మూస్తే వేడి నాలుగు వైపులా తగిలి ముక్క త్వరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది. అడుగున నూనె పట్టే ట్రే బయటికి లాగి కడిగేలా ఉండాలి. గ్యాస్ కదా, పొగే రాదనుకోకండి. కారిన కొవ్వు కాలితే పొగ వస్తుంది. అందుకే కొవ్వున్న ముక్కలు చివర్లో కాలుస్తాం, అమ్మ కుర్చీ గాలి వచ్చే వైపు వేస్తాం.

గ్యాస్ ఖర్చు

కిలో ఎల్‌పీజీ సుమారు 12.8 కిలోవాట్ అవర్ల వేడినిస్తుంది. మా గ్రిల్ రెండు బర్నర్లూ కలిపి 5 కిలోవాట్లు. అంటే పూర్తి మంట మీద గంటకు 400 గ్రాముల లోపే. నెలకు నాలుగు ఆదివారాలు, గంటన్నర చొప్పున, రెండున్నర కిలోలకు మించదు.

నిండిన 14.2 కిలోల సిలిండర్ మొత్తం బరువు 30 కిలోల దాకా ఉంటుంది. డాబా మెట్లెక్కించడం నడుముకు మంచిది కాదు. అందుకని 5 కిలోల చిన్న సిలిండర్, దానికి సరిపోయే రెగ్యులేటర్ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకున్నాను. ఆ ఖర్చు వేరే పద్దు అని ముందే మా ఆవిడతో ఒప్పందం. రెండు నెలలొస్తోంది.

వెలిగించే ముందు

ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకని అద్దాలు బిగించిన బాల్కనీలో, గదిలో ఎప్పుడూ వెలిగించకండి. మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా ఉంది. ఇంకా ఇవి గుర్తుంచుకోండి:

- సిలిండర్ నిటారుగా, గ్రిల్‌కు దూరంగా, ట్యూబు వేడికి తగలకుండా ఉండాలి.
- ఐఎస్ఐ మార్కున్న సురక్షా ట్యూబే వాడండి. అయిదేళ్లకు మార్చండి.
- ప్రతిసారీ జాయింట్లకు సబ్బు నురుగు రాయండి. బుడగ వస్తే వెలిగించవద్దు.
- మూత తెరిచాకే వెలిగించండి. మూసి ఉంటే లోపల గ్యాస్ నిండి ఒక్కసారిగా భగ్గుమంటుంది.
- అయిపోయాక ముందు రెగ్యులేటర్ కట్టేసి, ఆ తర్వాత నాబ్‌లు తిప్పండి.
- వాసన వస్తే అన్నీ ఆపి, దూరంగా వచ్చి 1906కు ఫోన్ చేయండి.
- అద్దె ఇల్లయితే యజమానిని, పక్కవాళ్లను ముందే అడగండి.

మొత్తం రూ.7,100తో తేలింది. మిగిలిన దాంట్లో ట్యూబు, బ్రష్, పొడవాటి పట్టకారు వచ్చాయి. మొదటి ఆదివారం అమ్మ మెట్లు మెల్లగా ఎక్కి వచ్చి, రెండు గంటలు కూర్చుంది. ఒక్కసారి కూడా దగ్గలేదు. వంకాయ తనే తిప్పింది. "బొగ్గుల రుచి రాలేదురా" అని ఒక వంక పెట్టి, పచ్చడిలోకి ఇంకో రెండు కాల్చమంది.