శాఖానగరమున కాపురము

ఉద్యోగము నగరము నడుమ, కాపురము నగరపు టంచున: ఇది నేడు మధ్యతరగతి కుటుంబములలో పెక్కింటి స్థితి. హైదరాబాదున ఉప్పలు దాటి వరంగల్లు రహదారిని కొంతదూరము పోయిన బోడుప్పలు వచ్చును. అచ్చట మేము పండ్రెండేండ్లుగా అద్దె యింట నున్నాము. ఇల్లు మార్చదలచిన బంధువులును, స్నేహితురాండ్రును మమ్ము మొదట అడుగునది “అద్దె యెంత?” అని. అడుగవలసిన ప్రశ్న యింకొకటి కలదు. దానిని గూర్చియే సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి.

అమరకోశమున పురవర్గమందు, మూలనగరమునుండి వేఱుగా వెలసిన పురమునకు శాఖానగరమను పేరు చెప్పబడినది. చిన్ననాడు మా తాతగారు వల్లె వేయించునపుడు అది మాకు వట్టి పర్యాయపదముగానే తోచినది. ఇచ్చటికి వచ్చిన పిమ్మట ఆ మాటలోని పొందిక తెలిసినది. కొమ్మకు కావలసిన సమస్తము మొదటినుండి రావలె. జీతము అచ్చటనే, పెద్ద ఆసుపత్రి అచ్చటనే, ఉన్నతవిద్య అచ్చటనే. నీటి సంగతియు నట్లే. నగరమునకు 2004లో కృష్ణాజలమును, 2015లో గోదావరీజలమును తెచ్చిరి. ఆ మహానదులు రెండును నూఱు కిలోమీటర్లకు మించి గొట్టములలో పయనించి వచ్చుచున్నవి. మా వీథికి మాత్రము నల్లా రోజు విడిచి రోజు. వేసవిలో బోరు అడుగంటినపుడు టాంకరు. రెండు నదుల స్నానఫలము మాకు బిందెలలో దక్కుచున్నదని మా అత్తగారు హాస్యమాడుచుందురు.

ఇక అద్దె మాట. మాది రెండు పడకగదుల వాటా, అద్దె 11,000 రూపాయలు. మా యింటివారు బేగంపేట చెంత నొక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పుదురు. ఆ చుట్టుపట్ల ఇంతటి వాటాకే 22,000 అడిగిరి. నెలకు 11,000 మిగులుననుకొని ఇచ్చట నిలిచితిమి. ఒకనాటి రాత్రి వారు దిద్దిన పరీక్షకాగితముల అడుగున మిగిలిన తెల్లకాగితముపై ఆ మిగులును లెక్కవేసిరి. రానుపోను ఆటో, మెట్రో ఛార్జీలు నెలకు 3,500. పోగా 7,500. ప్రయాణము పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర. నెలకు 25 దినములకు 75 గంటలు. అనగా దారిలో గడపిన ఒక్కొక్క గంటకు మాకు దక్కినది నూఱు రూపాయలు. “ట్యూషను చెప్పినను ఇంతకంటె మేలే” అని వారు నవ్వి కాగితము మడిచిరి.

గంటన్నర యనగా దూరమధికమని తలపరాదు. 2017 నవంబరులో మెట్రో నడచుట మొదలైన తరువాత ఉప్పలు స్టేషనునుండి బేగంపేటకు రైలులో కూర్చుండునది అరగంట మాత్రమే. అంతకుముందు రెండు బస్సులు మాఱి పోయిన దినములు తలచుకొన్న, రైలు మాకు పుష్పకమే. అయితే ఆ పుష్పకము మా గుమ్మమునకు రాదు. ఇంటినుండి నాలుగు కిలోమీటర్లు షేరు ఆటోలో ముగ్గురి చోట ఐదుగురు ఒదిగి ఉప్పలు చేరుటకే, ఆటోకై నిలుచుండుటతో కలిపి, ముప్పావుగంట. ఉప్పలునుండి నారపల్లి దిక్కునకు 2018లో మొదలిడిన వంతెనపని ఏండ్ల తరబడి సాగుటచే, ఎండలో దుమ్మును, వానలో గుంటలును ఈ రహదారివారికి తప్పినవి కావు. చవకయిల్లు దూరమున లేదు. ఈ కడపటి నాలుగు కిలోమీటర్లలో నున్నది.

వారు మడిచిన కాగితమును మేము మఱల విప్పితిమి. అందు మా గంటలు లేవు. పాఠశాల దాపున నుండినచో ఏడున్నరకు కట్టవలసిన డబ్బా, ఇచ్చట ఆరుంబావునకే సిద్ధము కావలె. అందులకై నాలుగున్నరకు లేచుట. పిల్లల బడి ఎనిమిదిన్నరకు. చల్లారిన ఇడ్డెనలు వారు ముట్టరు గనుక మఱల పొయ్యి వెలిగించుట. నీళ్లు వచ్చు వేళ తెల్లవాఱుజామో, అర్ధరాత్రమో, దాని చిత్తము.

పగటివేళ సంగతి వేఱు. తొమ్మిది దాటినంతనే మా వీథి యెల్ల ఆడువారి రాజ్యము. పైగా ఉద్యోగినులును వెడలిపోవుటచే ముసలివారు, పసివారు, ఇంటిపట్టున నున్న మావంటివారు ఇద్దరు ముగ్గురు. మా గోడమేకున ఐదిండ్ల తాళపుచెవులు వ్రేలాడుచుండును. గ్యాసుబండ వచ్చిన మేమే దింపించుకొందుము. కొరియరు వచ్చిన మేమే వ్రాలు చేయుదుము. ఎదురింటి ముసలమ్మగారికి రక్తపుపోటు మాత్ర ఇచ్చుట, పై వాటాలోని పాప మూడున్నరకు బడినుండి రాగానే అన్నము పెట్టుట మా దినచర్య. ఆ పాప తల్లి నాగోలు రాయదుర్గముల నడుమ నున్న 23 స్టేషనులలో కడపటి దానికి పోయి రాత్రి ఎనిమిదికి గాని తిరిగి రాదు. ఒకనాడు మెట్లమీద ఆమె చెప్పులు విప్పుచు, “అక్కా, పిల్ల తిన్నదో లేదో అని రైలెక్కినకాడికెల్లి అదే రంది” అన్నది. తిన్నదని చెప్పినదాక ఆమె లోనికి రాలేదు.

ఈ పనులను మేము భారముగా చెప్పుట లేదు. మాకు జ్వరము వచ్చినపుడు నాలుగు దినములు పొయ్యి రాజేయవలసిన యగత్యము కలుగలేదు. వరంగల్లువారు, నల్లగొండవారు, ఖమ్మమువారు, శ్రీకాకుళమువారు ఒక్క వీథిలో నుండుటచే బతుకమ్మకు పూలును, సంక్రాంతికి బొమ్మలకొలువును, ఏడాది పొడుగున కూరగిన్నెలును ఇండ్లు తిరుగుచుండును. నగరము నడుమ అంతస్తులలో నున్న మా చెల్లెలికి ప్రక్కవాటావారి పేరైనను తెలియదు. కాని ఒక్కటి: తక్కువ అద్దెకు ఇల్లు దొరికినదని ఐదు కుటుంబములు సంతసించుచున్నవన్న, అది ఆ వీథిలో ఎవతెయో ఒకతె పగలెల్ల ఇంట నుండుట చేతనే. ఆమెయు వెడలినచో బండ దింపుకొనువారెవరు? పాపకు తలుపు తీయువారెవరు? “పగలు అచ్చట ఎవరుందురు?” అనునదే మేము చెప్పిన ఆ రెండవ ప్రశ్న.

నిరుడు మేమే దీనికొక దారి వెదకితిమి. క్రింది వాటాలో ఒంటరిగా నున్న పిన్నిగారు పిల్లలను చూచుకొనుటకు ఇష్టపడగా, ఐదిండ్లవారమును కలసి నెలకు తలకు 1,500 రూపాయలు ఆమెకు ముట్టజెప్పుచున్నాము. మొదట ఇద్దరు మగవారు “ఇన్నాళ్లు ఊరకే జరుగుచుండగా ఇప్పుడు డబ్బెందులకు?” అనిరి. ఊరకే జరిగినదను మాటకు మేము బదులు చెప్పలేదు. తాళపుచెవులు అయిదును తెచ్చి బల్లమీద నుంచితిమి. అంతట ఒప్పుకొనిరి.

ఆ యేర్పాటువలన మాకు వారమున రెండు సాయంకాలములు దొరికినవి. 2023 డిసెంబరు 9 మొదలు తెలంగాణములో ఆడువారికి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు గదా! ఆధారు కార్డు చూపి సున్న టిక్కెట్టు పుచ్చుకొని చిక్కడపల్లి గ్రంథాలయమునకు పోయి వచ్చుచున్నాము. బస్సు క్రిక్కిఱిసియే యుండును. కూర్చుండ చోటు దొరకుట అరుదు. అయినను, ఇంటిలెక్కలో మొట్టమొదట కోతపడునది ఇల్లాలి బస్సుఛార్జీయే యని యెఱిగినవారికి ఆ సున్న విలువ తెలియును.

ఇప్పుడు మా యింటివారికి ఘటకేసరము దిక్కున చిన్న స్థలము కొనవలెనని కోరిక పుట్టినది. 2024 మార్చిలో అచ్చటినుండి లింగంపల్లికి లోకలురైలు వేసిరి గదా యని వారి వాదము. స్థలమనిన మాకును ఆశయే. కాని కాగితములు చూడక బయానా ఇయ్యరాదని పట్టుబట్టితిమి. లేఔటుకు హెచ్.ఎం.డి.ఏ. అనుమతి కలదా? రిజిస్ట్రేషను కార్యాలయమునుండి తెచ్చిన ఈ.సి.లో పాత తాకట్టు లేమైన నున్నవా? అన్నిటికంటె ముఖ్యము, అది చెఱువు శిఖము గాదు గదా? చెఱువుల హద్దులలోని కట్టడములను తొలగించుటకై 2024 జులైలో హైడ్రా ఏర్పడిన పిమ్మట, ఇల్లు పోగొట్టుకొన్నవారి ఏడ్పులు టీవీలో చూడనివారు లేరు. వేసవిలో చూచిన నేల అంతయు మెఱకగానే కన్పించును. అన్నివిధముల బాగుండినను, రైలు పగలు ఎన్నిమాఱులు వచ్చును, స్టేషనునుండి స్థలమునకు ఆటో దొరకునా, చుట్టుపట్ల పగలు తలుపు తెఱచియుండు ఇండ్లెన్ని యనునవి మా ప్రశ్నలు.

కావున వచ్చు ఆషాఢమున పెద్దవాన కురిసిన మఱునాడు, ఉదయము ఏడుగంటల బస్సున పోయి ఆ స్థలమును చూడవలెనని నిశ్చయించుకొన్నాము. ఆదివారము కారులో తీసికొనిపోయెదనని మధ్యవర్తి ఇప్పటికి మూడుమాఱులు ఫోను చేసెను.